సమానత్వం, స్వేచ్ఛ, సంతోషం: మూడూ ఒకే చోట ఇముడుతాయా? కిబ్బుట్జుల వందేళ్ల అనుభవం

సమాజం ఎలా ఉంటే బాగుంటుందని ఎవరినడిగినా దాదాపు ఒకే జవాబు వస్తుంది. అందరూ సమానంగా ఉండాలి, ఎవరికి నచ్చినట్టు వాళ్లు బతకాలి, అందరూ సంతోషంగా ఉండాలి. విడివిడిగా చూస్తే దేనికీ వంక పెట్టలేం. మూడింటినీ కలిపి అమలు చేయబోతేనే చిక్కు మొదలవుతుంది. ఎక్కువ సంపాదించినవాడి దగ్గర తీసుకుని లేనివాడికి ఇస్తే మొదటివాడి స్వేచ్ఛకు కోత పడుతుంది. ఎవరికి దొరికింది వాళ్లే ఉంచుకోండి అంటే రెండు తరాలు తిరిగేసరికి సమానత్వం మాటే ఉండదు. ఈ రెండింటిలో దేనివల్ల సంతోషం పెరుగుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

దీని మీద తత్వవేత్తల వాదనలకు కొదవ లేదు. కానీ ఎవరైనా నిజంగా చేసి చూశారా, చేస్తే ఏమైంది అన్నదే నాకు ఎక్కువ ముఖ్యం. చేసి చూసినవాళ్లున్నారు. అదీ తుపాకీ చూపించి కాదు. ఇష్టపడి చేరి, ఇష్టం లేకపోతే వెళ్లిపోయే వీలుతో, తరాల తరబడి చేశారు. ఇజ్రాయెల్‌లో ఆస్తి, పని, తిండి అన్నీ ఉమ్మడిగా పంచుకుని బతికే కిబ్బుట్జ్ అనే ఊళ్ల సంగతే నేను చెబుతున్నది.

1910లో గలిలీ సరస్సు దక్షిణపు ఒడ్డున, అప్పటికింకా ఒట్టోమన్ ఏలుబడిలో ఉన్న పాలస్తీనాలో, తూర్పు యూరప్ నుంచి వలస వచ్చిన పదిమంది యూదు యువకులు, ఇద్దరు యువతులు కలిసి దెగానియా అనే ఉమ్మడి వ్యవసాయ క్షేత్రం మొదలుపెట్టారు. వాళ్ల పట్టుదల రెండు విషయాల మీద: తమ పైన మేనేజరు ఉండకూడదు, తమ కింద కూలీ ఉండకూడదు. అదే మొదటి కిబ్బుట్జ్. తర్వాత దేశమంతటా పుట్టుకొచ్చి ఇవాళ సుమారు 270 ఉన్నాయి. వాటిలో ఉండేవాళ్లు ఎప్పుడూ దేశ జనాభాలో పది శాతానికి చేరలేదు. కానీ దేశ రాజకీయాల్లో, సైన్యంలో, సాహిత్యంలో వాళ్ల పేర్లు ఆ లెక్కను మించి కనిపిస్తాయి. సైన్యాధిపతిగా పేరు తెచ్చుకున్న మోషే దయాన్ 1915లో పుట్టింది దెగానియాలోనే.

జీతాలు ఉండేవి కావు. ఫ్యాక్టరీ నడిపేవాడైనా, వంటశాలలో గిన్నెలు తోమేవాడైనా పొందేది ఒకటే. ఇల్లు, తిండి, వైద్యం, పిల్లల చదువు అన్నీ ఉమ్మడి ఖాతా నుంచి వచ్చేవి. తొలి రోజుల్లో చాలాచోట్ల బట్టలు కూడా ఒకరి సొంతం కాదు. లాండ్రీలో ఉతికి పెట్టినవాటిలో ఒంటికి సరిపోయేది తీసుకోవడమే. ఎవరు ఏ పని చేయాలి, కొత్త ట్రాక్టరు కొనాలా వద్దా, ఎవరిని పైచదువుకు పంపాలి అన్నవి సర్వసభ్య సమావేశంలో తేలేవి. మనిషికో ఓటు. కార్యదర్శిగా ఎన్నికైనవాడు కొన్నేళ్లు ఆ బాధ్యత చూసి, గడువు తీరాక మళ్లీ ఆవుల కొట్టంలో పనికి వెళ్లేవాడు.

ఆ సమానత్వం ఎంత లోతుగా ఉండేదో తెలియాలంటే ఎలక్ట్రిక్ కెటిల్ గొడవ చూడాలి. గదిలో ఎవరికి వాళ్లు కెటిల్ పెట్టుకోవచ్చా అన్నది కిబ్బుట్జుల్లో ఎంతో పెద్ద చర్చ. బయటివాళ్లకు ఇది చాదస్తంగా తోచవచ్చు. కానీ కెటిల్ వద్దన్నవాళ్ల వాదనలో బలముంది. గదిలో టీ కాచుకునేవాడు సాయంత్రం భోజనశాలకు రావడం తగ్గిస్తాడు. నలుగురూ కూర్చుని మాట్లాడుకునే చోటు ఖాళీ అవుతుంది. పైగా పట్నంలో చుట్టాలున్నవాడికి కెటిల్ కానుకగా వస్తుంది, చుట్టాలు లేనివాడికి రాదు. తర్వాత రేడియో, ఫ్రిజ్, టీవీ విషయంలోనూ ఇదే వాదన నడిచింది. అందరికీ కొనగలిగిన రోజున అందరికీ కొందాం, అప్పటిదాకా ఎవరికీ వద్దు అన్నది మామూలుగా వచ్చే తీర్పు. అసమానత చిన్న చిన్న వస్తువులతోనే ఇంట్లోకి వస్తుందని వాళ్లు సరిగ్గానే పసిగట్టారు. ఆ నిజాయతీని నేను గౌరవిస్తాను. కానీ ఒక మనిషి తన గదిలో తను టీ పెట్టుకోవడానికి ఊరంతా ఓటు వేయాల్సి రావడం కూడా చిన్న విషయం కాదు.

పిల్లల దగ్గరికి వచ్చేసరికి ఇది మరీ బరువెక్కింది. చాలా కిబ్బుట్జుల్లో పిల్లలు తల్లిదండ్రుల దగ్గర పెరగలేదు. పసిగుడ్డుగా ఉన్నప్పటి నుంచీ తోటి పిల్లలతో కలిసి పిల్లల ఇంట్లో ఉండేవాళ్లు. అక్కడే తిండి, అక్కడే నిద్ర. పని ముగిశాక సాయంత్రం రెండు మూడు గంటలు అమ్మానాన్నల దగ్గర గడిపి, మళ్లీ పిల్లల ఇంటికి వెళ్లి పడుకోవాలి. రాత్రి కాపలాగా ఉన్నవాళ్లు ఇళ్లన్నీ తిరిగి చూసుకునేవాళ్లు. ఇల్లూ పిల్లల చాకిరీ నుంచి ఆడవాళ్లను విడిపించి, మగవాళ్లతో సమానంగా పొలంలో, ఫ్యాక్టరీలో నిలబెట్టాలన్నది దీని వెనుక ఉద్దేశం. డబ్బున్న ఇంటి బిడ్డ, లేని ఇంటి బిడ్డ అన్న తేడా పుట్టుకతోనే చెరిగిపోవాలన్నది ఇంకొకటి.

జరిగింది వేరు. సొంత వంటిల్లు వదిలిన ఆడవాళ్లలో ఎక్కువమంది ఉమ్మడి వంటశాలకు, లాండ్రీకి, పిల్లల ఇళ్లకు చేరారు. ట్రాక్టర్ల మీద మగవాళ్లే మిగిలారు. చివరికి పిల్లల్ని మా దగ్గరే పడుకోబెట్టుకుంటాం అని గట్టిగా అడిగినవాళ్లలో తల్లులే ముందున్నారు. ఒక్కో కిబ్బుట్జ్ ఆ పద్ధతిని మానేస్తూ వచ్చి, 1990ల నాటికి అది పూర్తిగా పోయింది. ఆ ఇళ్లలో పెరిగినవాళ్లలో కొందరు ఆ రోజుల్ని ఆనందంగా తలచుకుంటారు. మరికొందరు రాత్రి భయమేస్తే అమ్మ దగ్గరికి పోలేని ఆ దూరాన్ని పెద్దయ్యాక కూడా మరచిపోలేదు. పెద్దవాళ్లు ఇష్టపడి ఈ జీవితంలోకి వచ్చారు. పిల్లల్ని మాత్రం ఎవరూ అడగలేదు. సమానత్వం కోసం చేసిన ఏర్పాటు ఎంత మంచిదైనా, ఒప్పుకోని మనిషి మీద పడితే దాని స్వభావమే మారిపోతుందనడానికి ఇంతకన్నా పెద్ద సాక్ష్యం నాకు కనిపించలేదు.

స్వేచ్ఛ వైపు నుంచి ఇంకో సంగతి. రచయిత ఆమోస్ ఓజ్ పదిహేనేళ్ల వయసు ప్రాంతంలో హుల్దా అనే కిబ్బుట్జ్‌లో చేరాడు. రాసుకోవడానికి సమయం కావాలని అడిగాడు. అందరూ మేం కళాకారులం అంటే ఆవుల పాలు పితికేదెవరు అన్న ప్రశ్న వచ్చిందని ఆయనే తర్వాత చెప్పుకున్నాడు. చివరికి వారానికి ఒక రోజు ఇచ్చారు. పుస్తకాలు అమ్ముడుపోయాక రోజులు పెంచారు. వాటి మీద వచ్చిన రాయల్టీ ఉమ్మడి ఖాతాకే వెళ్లేది. పాలు పితికేవాడి చెమట కన్నా తన రాత గొప్పదని ఎందుకు అనుకోవాలి అని అడిగితే జవాబు చెప్పడం కష్టం. ఇంకా ఒక్క పుస్తకం కూడా రాకముందు ఎవరు రాయగలరో సమావేశం ఓటు వేసి తేల్చగలదా అంటే అదీ కష్టమే. పైచదువుల దగ్గరా ఇదే ఇబ్బంది. యువకుడు తనకిష్టమైన సబ్జెక్టు చెబితే, ఊరికి పనికొచ్చేది మరొకటి అయి ఉండేది.

1950ల్లో వచ్చిన చిక్కు ఇంతకన్నా నొప్పి పెట్టేది. నాజీల చేతుల్లో నలిగి ప్రాణాలతో బయటపడ్డవాళ్లకు పశ్చిమ జర్మనీ వ్యక్తిగతంగా పరిహారం ఇవ్వడం మొదలుపెట్టింది. అలాంటివాళ్లు కిబ్బుట్జుల్లో చాలామంది ఉన్నారు. నియమం ప్రకారం సభ్యుడికి బయటి నుంచి వచ్చే ప్రతి పైసా ఉమ్మడి ఖజానాకు చేరాలి. కానీ ఇది కష్టపడి సంపాదించిన డబ్బు కాదు, పోగొట్టుకున్న తల్లిదండ్రులకు, బాల్యానికి కట్టిన వెల. దాన్ని కూడా పంచుకోవాలా? కొందరు మనస్ఫూర్తిగా ఇచ్చేశారు, దాంతో ఊరికి ఉమ్మడి కట్టడాలు వచ్చాయి. కొందరు కొంత తమ దగ్గర ఉంచుకునేలా రాజీ కుదిరింది. కొందరు ఊరే వదిలి వెళ్లిపోయారు. రాసుకున్న నియమం ఒకటే అయినా, దాన్ని మోసే మనుషుల గుండె బరువు ఒకటి కాదు.

ఇక్కడ అంబేడ్కర్ గుర్తొస్తారు. 1949 నవంబర్ 25న రాజ్యాంగ సభలో చేసిన ప్రసంగంలో ఆయన స్వేచ్ఛ, సమానత్వం, సౌభ్రాతృత్వం మూడూ విడదీయరానివన్నారు. సమానత్వం లేని స్వేచ్ఛ కొద్దిమంది పెత్తనానికి దారి తీస్తుంది. స్వేచ్ఛ లేని సమానత్వం మనిషి చొరవను చంపేస్తుంది. సౌభ్రాతృత్వం లేకపోతే ఆ రెండూ సహజంగా నడవవు, వాటిని అమలు చేయించడానికి కానిస్టేబుల్ కావాలి. ఆ ప్రసంగంలో అందరూ ఎత్తి చూపేది రాజకీయ సమానత్వానికి, సామాజిక అసమానతకు మధ్య వైరుధ్యం గురించిన మాటలే. నాకు మాత్రం కానిస్టేబుల్ మాటే ముల్లులా గుచ్చుకుంటుంది.

కిబ్బుట్జ్‌లో కానిస్టేబుల్ ఉండేవాడు కాదు. మరి పని ఎగ్గొట్టేవాణ్ని ఆపిందెవరు? నలుగురూ ఏమనుకుంటారో అన్న బెరుకు. మూడు పూటలా ఒకే భోజనశాలలో తినే కొన్ని వందల మందిలో ఎవరు ఎంత కష్టపడుతున్నారో అందరికీ తెలుసు. సోమరిపోతుకు జరిమానా పడదు, కానీ బల్ల దగ్గర మాటలు తగ్గిపోతాయి. జీతం ఆశ లేకపోయినా జనం పనిచేశారంటే ప్రేమ ఎంత కారణమో ఆ చూపులూ అంతే కారణం. పల్లెల్లో పుట్టి పెరిగినవాళ్లకు ఆ చూపుల శక్తి వేరే చెప్పాల్సిన పని లేదు. మనిషిని నిలబెట్టేవీ అవే, ఊపిరాడనీయకుండా చేసేవీ అవే.

ఇదంతా దేశం స్థాయికి తీసుకెళితే ఏమవుతుంది? కోట్లమంది మధ్య ఆ బెరుకు పనిచేయదు. అప్పుడు నిజంగానే కానిస్టేబుల్ వస్తాడు. సంతోషాన్నే పాలనకు కొలమానం చేసుకున్న భూటాన్ దీనికి ఉదాహరణ. స్థూల జాతీయ ఆనందం అన్న ఆలోచన రాజు జిగ్మే సింగ్యే వాంగ్‌చుక్ కాలంలో, 1970ల్లో పుట్టింది. 2008 రాజ్యాంగంలోకి కూడా ఎక్కింది. ఉచిత వైద్యం, ఉచిత చదువు, దేశంలో కనీసం 60 శాతం అడవి ఎప్పటికీ ఉండాలన్న నియమం నిజంగా మెచ్చుకోదగ్గవి. కానీ అదే రాజు హయాంలో, 1989లో, జాతీయ వేషధారణ, మర్యాదల నియమాలు అందరికీ తప్పనిసరి అయ్యాయి. దక్షిణాన ఉండే నేపాలీ మాట్లాడే లోత్సంపాలకు అది తమ దుస్తుల మీద, భాష మీద దాడిలా తోచింది. పౌరసత్వ నిబంధనలు బిగిశాయి, నిరసనలు వచ్చాయి, అణచివేత వచ్చింది. 1990ల తొలినాళ్లకల్లా సుమారు లక్షమంది దేశం దాటి తూర్పు నేపాల్ శిబిరాల్లో పడ్డారు. వాళ్లలో ఎక్కువమంది ఏళ్ల తర్వాత అమెరికా చేరి అక్కడ స్థిరపడ్డారు. అందరి సంతోషం ఫలానా రూపంలోనే ఉండాలని పైనుంచి నిర్ణయించినప్పుడు, ఆ రూపంలో ఒదగనివాళ్లు లెక్కలోంచే జారిపోతారు.

కిబ్బుట్జ్‌ను ఈ ప్రమాదం నుంచి కాపాడింది తలుపు. ఎవరైనా ఎప్పుడైనా వెళ్లిపోవచ్చు. అయితే ఆ తలుపు పూర్తిగా తెరిచి ఉందనడానికీ లేదు. ఇల్లు సభ్యుడిది కాదు, పొలం కాదు, ఫ్యాక్టరీలో వాటా కాదు. ముప్ఫై ఏళ్లు చాకిరీ చేసి బయటకొచ్చినవాడి చేతికి దక్కేది చిన్న మొత్తమే. ఉమ్మడి ఆస్తి కేవలం ఆదర్శమే కాదు, మనిషిని లోపల పట్టి ఉంచే పగ్గం కూడా అని ఆర్థికవేత్త రాన్ అబ్రమిట్జ్కి కిబ్బుట్జుల మీద చేసిన పరిశోధనలో చూపించారు. ఆయన గమనించిన ఇంకో విషయం: వెళ్లిపోయేవాళ్లలో బాగా చదువుకున్నవాళ్లు, బయట ఎక్కువ సంపాదించగలిగినవాళ్లు ముందుంటారు. మన ఉమ్మడి కుటుంబాలు విడిపోయిన తీరు గుర్తు చేసుకుంటే ఇది వెంటనే అర్థమవుతుంది. పట్నంలో ఉద్యోగం దొరికిన కొడుకే ముందు వేరు కాపురం మాట ఎత్తుతాడు. ఉమ్మడిలోనే ఉంటానని పట్టుబట్టేది పొలం తప్ప మరో ఆధారం లేనివాడు.

అలాంటప్పుడు సమానత్వం ఎక్కడ ఎక్కువ కాలం నిలిచింది? డబ్బున్న కిబ్బుట్జుల్లో. ఇది వింటే కొంచెం బాధేస్తుంది కానీ నిజం. నెగేవ్ ఎడారిలోని హత్జెరిమ్ ఇందుకు మంచి ఉదాహరణ. 1965లో అక్కడే నెటాఫిమ్ కంపెనీ పుట్టింది. డ్రిప్ ఇరిగేషన్‌ను ప్రపంచమంతా అమ్మింది ఈ కంపెనీయే. అనంతపురం బత్తాయి తోటల్లో చుక్క చుక్కగా నీళ్లు వదిలే పైపుల సాంకేతికతకు ఆ ఎడారి ఊరితో అలా చుట్టరికం ఉంది. లాభాలు దండిగా ఉన్నచోట సమానంగా పంచినా అందరికీ బాగానే దక్కుతుంది, ప్రతిభ ఉన్నవాడికి బయటికి పోవాలన్న తొందర ఉండదు. లేమిలో సమానంగా పంచినప్పుడే ఎవరి వాటా ఎంత అన్న చూపులు మొదలవుతాయి.

ఆ లేమి 1980ల్లో వచ్చిపడింది. 1984లో ఇజ్రాయెల్‌లో ద్రవ్యోల్బణం ఏడాదికి 400 శాతం దాటింది. ధరలు అలా పరుగెడుతుంటే అప్పు చేసినవాడిదే లాభం అనుకుని కిబ్బుట్జులు భారీగా అప్పులు చేశాయి. 1985లో ప్రభుత్వం ద్రవ్యోల్బణాన్ని ఒక్కసారిగా కట్టడి చేసేసరికి వడ్డీ నెత్తిన పడింది. ఒకదాని అప్పుకు మరొకటి హామీ ఉండడంతో దెబ్బ అన్నిటికీ పాకింది. ప్రభుత్వం, బ్యాంకులు అప్పుల్లో కొంత మాఫీ చేసి ఒప్పందాలకు రావాల్సి వచ్చింది. యువతరం మూటాముల్లె సర్దుకుంది.

మార్పు కూడా భోజనశాలలోనే మొదలైంది. తిండి ఊరికే ఉన్నంతకాలం ఎంత పారేసినా ఎవరికీ పట్టలేదు, ధర పెట్టగానే వృథా తగ్గింది. కరెంటుకు ఇంటింటికీ మీటర్లు పెట్టగానే ఖర్చు పడిపోయింది. 1990ల చివర నుంచి పనిని బట్టి వేర్వేరు జీతాలు వచ్చాయి. 2007లో దెగానియా కూడా ఓటు వేసి ఆ దారి పట్టింది. అబ్రమిట్జ్కి మరొకరితో కలిసి చేసిన అధ్యయనంలో, జీతాల తేడాలు వచ్చిన ఊళ్లలో హైస్కూలు పిల్లల చదువు మెరుగుపడిందని తేలింది. చదువుకు బయట విలువ ఉందని తెలియడం వేరు, ఇంట్లోనూ విలువ ఉందని తెలియడం వేరు.

దీన్ని ఆదర్శం ఓడిపోయిందనీ, పెట్టుబడిదారీ విధానం గెలిచిందనీ కొట్టిపారేసేవాళ్లున్నారు. నేను అలా అనుకోను. కొత్త పద్ధతిలో సభ్యుడు తన సంపాదనలో ఎక్కువ భాగం ఉంచుకుంటాడు, కానీ ఊరికి పన్ను కడతాడు. ఆ డబ్బుతో ఎవరి ఆదాయమూ ఒక గీత కిందికి పడకుండా చూస్తారు, ముసలివాళ్ల బాధ్యత, వైద్యం, చదువు ఊరే మోస్తుంది. అందరూ ఒకే ఎత్తులో ఉండాలన్న పట్టు వదిలి, ఎవరూ నేల మీద పడకూడదన్న పట్టు మాత్రం ఉంచుకున్నారు. ఫిన్లాండ్, డెన్మార్క్ లాంటి దేశాలు దాదాపు ఇదే పని పెద్ద ఎత్తున చేస్తున్నాయి: పన్నులు ఎక్కువ, ఆసరా గట్టిది, నీ గదిలో నువ్వేం చేస్తున్నావన్న ఆరా లేదు. ప్రపంచ ఆనంద నివేదికలో 2018 నుంచి 2025 దాకా ప్రతి ఏడాదీ ఫిన్లాండే మొదటి స్థానంలో ఉంది. సంతోషాన్ని ప్రభుత్వం తయారు చేసి ఇవ్వకపోయినా, రేపటి టెన్షన్ తీసేయగలదని దాన్ని బట్టి అనిపిస్తుంది. మూడింటినీ సమతూకంలో పెట్టడం సాధ్యమా అంటే నా జవాబు ఇదే. సాధ్యమే, కానీ సమానత్వాన్ని పైకప్పులా కాక నేలలా వేసినప్పుడు, బయటికి పోయేవాడి చేతిలో ఎంతో కొంత ఉన్నప్పుడు.

గేటు సంగతి కూడా చెప్పకపోతే మాట అసంపూర్తి. కిబ్బుట్జ్ సమానత్వం సభ్యులకే. 1948 యుద్ధంలో చెల్లాచెదురైన పాలస్తీనీ గ్రామాల భూములు తర్వాత ఎన్నో కిబ్బుట్జుల కిందికి వచ్చాయి. అరబ్బులకు సభ్యత్వం దాదాపు దొరకలేదు. కూలీలు ఉండకూడదన్న నియమం కూడా 1950ల నుంచి సడలింది. అరబ్ దేశాల నుంచి వచ్చిన పేద యూదు వలసవాళ్లు ఇవే పొలాల్లో, ఫ్యాక్టరీల్లో కూలికి పనిచేశారు. లోపల ప్రతి సభ్యుడూ యజమానే, బయటి నుంచి రోజూ వచ్చి పోయేవాడికి ఓటు లేదు. సమానత్వాన్ని ఎంత గట్టిగా పాటిస్తే, ఎవరిని లోపలికి రానివ్వాలన్న ప్రశ్న అంత కఠినమవుతుంది. సంక్షేమ దేశాల్లో వలసల మీద సాగుతున్న గొడవకూ మూలం ఇక్కడే ఉంది.

జీతాలు మారాక చాలాచోట్ల జనం మళ్లీ పెరిగారు, వెళ్లిపోయిన పిల్లల్లో కొందరు కుటుంబాలతో తిరిగొచ్చారు. ఇప్పుడు తేల్చుకోవాల్సింది ఇళ్ల విషయం. ఉమ్మడివిగా ఉన్న ఇళ్లను సభ్యుల పేరు మీదికి మార్చే పని చాలా ఊళ్లలో మొదలైంది. పేరు మీదికి వచ్చిందంటే వారసత్వమూ వచ్చినట్టే. ముగ్గురు పిల్లలున్న ఇంటిని ఎలా పంచాలి, పిల్లలే లేనివాళ్ల ఇల్లు ఎవరికి? ఏభై ఏళ్లు పాల కొట్టంలో పనిచేసిన వృద్ధురాలి వాటాకూ, నిన్న కాక మొన్న చేరిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరు వాటాకూ తేడా ఎంత ఉండాలి? ఒక్కో కిబ్బుట్జ్ ఒక్కో సూత్రం రాసుకుంటోంది. చాలావాటిలో ఎన్నేళ్లుగా సభ్యత్వం ఉందన్నదే లెక్కకు మొదటి ఆధారం.